వేలు మందం సందు

బుధవారం పొద్దున్న ఆ ఇంట్లో గొడవ పౌడర్ డబ్బా దగ్గర మొదలైంది.

"ఆదివారం నాటికి సగం పైనే ఉంది. ఇవాళ బోర్లించి కొట్టినా రాలట్లేదు. నేనేమన్నా తిన్నానా?" అత్తగారు డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ అడిగింది.

"నేను పౌడర్ రాసుకోను కదా అత్తయ్యా," అంది కోడలు, యూనిఫారం బెల్టు బిగించుకుంటూ.

"ఇన్‌స్పెక్టర్లు రాసుకోకూడదని రూలేం లేదుగా."

"అయితే దొంగతనం కింద కేసు రాసుకోమంటారా?"

"రాసుకో. ఇంట్లో దొంగని పట్టుకోలేనిదానివి, బయట హంతకుల్ని ఏం పడతావో నేనూ చూస్తా."

గుమ్మంలో కూర్చుని బూట్లకి లేసులు కట్టుకుంటున్న ఆమె భర్త తలెత్తకుండానే అన్నాడు. "కొత్తది నేను తెస్తాలే అమ్మా. పౌడర్ కోసం ప్రాణాలు తీసుకుంటారా ఎవరైనా?"

ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు. గొంతు పెంచడం తెలియని మనిషి. మేకుకి వేలాడుతున్న తాళాల గుత్తి తీసుకున్నాడు. ఇంటి తాళంచెవి, బీరువాది, స్కూటర్‌ది, కారుది, వాటి మధ్య ఎందుకూ పనికిరాని ఓ పొడవాటి ఇత్తడి తాళంచెవి. దాని తల మూడు రేకుల ఆకులా ఉంటుంది. పెళ్ళైన కొత్తలో అడిగితే "నాన్నది, దేనిదో ఏమో" అన్నాడు. ఎనిమిదేళ్ళయింది, ఆమె మళ్ళీ అడగలేదు.

బయటికి వెళ్తూ అలవాటు ప్రకారం వాకిట్లో ఉన్న తమ పాత కారు చుట్టూ ఓసారి తిరిగాడు. వెనక తలుపు అద్దం కొంచెం దిగి ఉంది. తలుపు తీసి, కూర్చుని, తాళం తిప్పి మీట నొక్కాడు. అద్దం పైకి చేరినా వేలు తియ్యలేదు. పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

"లెక్కల మాస్టారు అద్దాలకి కూడా ఎక్కాలు నేర్పుతున్నారు," అని నవ్వింది ఆమె.

"అద్దం దించి బండి వదలకని వందసార్లు చెప్పాను," అని స్కూటర్ తీశాడు.

అత్తగారు ఖాళీ డబ్బా చెత్తబుట్టలో పడేసి, రెండడుగులు వేసి, మనసొప్పక మళ్ళీ తీసి కిటికీలో పెట్టుకుంది.

*

పదిన్నరకి ఇన్‌స్పెక్టర్ కళ్ళ డాక్టరు గారి ఇంటి కారు షెడ్డులో ఉంది.

షెడ్డు పొడుగ్గా, చీకటిగా ఉంది. ఉన్న ఒక్క బల్బూ దుమ్ము పట్టి గుడ్డిగా వెలుగుతోంది. మధ్యలో ముదురాకుపచ్చ కారు. దాని పైకప్పు రేకు కాదు, నల్లటి గుడ్డ. కావాలంటే మడత పెట్టి వెనక్కి తోసెయ్యొచ్చు. నిన్న పొద్దున్న ఆ కారు డ్రైవరు సీట్లోనే డాక్టరు గారు శవమై దొరికారు. ఇప్పుడు ఆ సీటు మీద సుద్దగీత తప్ప ఏమీ లేదు. కానీ పొగ వాసన గోడల్ని వదల్లేదు.

మూలన ఓ తిరగేసిన బకెట్ మీద మెకానిక్ కూర్చున్నాడు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. పక్కన కానిస్టేబులు.

"రండి మేడమ్, రండి. అంతా అయిపోయాక వచ్చారు," అన్నాడు ఎదురుగా నిలబడ్డ రెండో ఇన్‌స్పెక్టరు. ఆయన సీనియరు. స్టేషన్లో అందరూ చాటుగా 'మూత' అంటారు. ఏ కేసుకైనా ముందు మూత పెట్టేసి, తర్వాత లోపల ఏముందో చూస్తాడని.

"ఏం అయిపోయింది సార్?"

"వినండి. సోమవారం నాలుగింటికి ఈ మెకానిక్ వచ్చాడు. నాలుగూ నలభైకి వెళ్ళాడు. ఏడింటికి కూతురు అత్తారింటికి బయల్దేరింది. డాక్టరుకి ఏడింటికే నిద్రమాత్ర వేసుకునే అలవాటు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ప్రాణం పోయింది, ఇంజను పొగ పీల్చి. తండ్రి ఫోన్ ఎత్తట్లేదని పొద్దున ఆరింటికి కూతురు తిరిగొచ్చేసరికి షెడ్డుకి బయట తాళం. లోపల ఇంజను పెట్రోలు అయిపోయేదాకా తిరిగి ఆగింది. చచ్చినవాడు బయటికొచ్చి తాళం వేసుకోడు కదా?"

"వేసుకోడు."

"తాళంచెవులు రెండే." ఆయన రెండిటినీ ఆమె మొహం ముందు ఆడించాడు. "ఒకటి డాక్టరు జేబులో. రెండోది వీడి దగ్గర. కారు అమ్మేస్తానని డాక్టరు అంటే పోయిన వారం ఇద్దరూ అరుచుకున్నారు, పక్కింటివాళ్ళు విన్నారు. సాయంత్రం ఆరింటికి అరెస్టు కాగితం మీద సంతకం పెడతాను."

ఇత్తడి తాళంచెవులు. పొడవుగా ఉన్నాయి. తల మూడు రేకుల ఆకులా ఉంది. ఎక్కడో చూశాననిపించింది ఆమెకి. ఎక్కడో అని వెతికేలోపే ఆయన జేబులో వేసేసుకున్నాడు.

"నేను చంపలేదమ్మా," అన్నాడు మెకానిక్. అరవలేదు. "ఈ వయసులో లోపలికెళ్తే మళ్ళీ బయటికి రాను. అదొక్కటీ గుర్తుపెట్టుకుని ఏమన్నా అడగండి."

ఆమె ముందు ఆయన్ని అడగలేదు. కారుని అడిగింది.

డ్రైవరు వైపు తలుపు పిడి లాగింది. తలుపు కదలకముందే అద్దం చిన్నగా మూలిగి వేలు మందం కిందికి దిగింది. తలుపు తెరుచుకుంది. మూసింది. అద్దం అంతే మేర పైకి లేచి గుడ్డకప్పు అంచునున్న రబ్బరు కిందికి ఒదిగిపోయింది. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే. తర్వాత తాళం తిప్పి, మీటని ఒక్కసారి తాకి వదిలింది. అద్దం ఎక్కడా ఆగకుండా పూర్తిగా దిగింది. మళ్ళీ తాకింది. ఎక్కుతున్న అద్దానికి నోటు పుస్తకం అడ్డం పెట్టింది. అద్దం పుస్తకాన్ని తాకి, కాలు కాలిన పిల్లిలా వెనక్కి దిగింది.

"బొమ్మలాట బాగుంది," అన్నాడు మూత, గడియారం చూసుకుంటూ.

"పెద్దాయనా, సోమవారం బ్యాటరీ మార్చారా?"

"మార్చాను. కానీ మేడమ్..." మెకానిక్ బకెట్ మీంచి లేచాడు. కళ్ళు అద్దం మీదే ఉన్నాయి. "అదలా దిగకూడదు."

"ఎందుకని?"

"బ్యాటరీ పీకితే ఈ అద్దాలకి మతి పోతుంది. ఎక్కడిదాకా దిగాలో, ఎక్కడ ఆగాలో మర్చిపోతాయి. తలుపు తీస్తే దిగవు, రబ్బరుకి గుద్దుకుంటాయి. ఒక్క తాకుడుకి కదలవు, నొక్కినంతసేపే జరుగుతాయి. మళ్ళీ నేర్పించాలి. పూర్తిగా దించి, దిగాక కూడా వేలు తియ్యకుండా ఐదు లెక్కపెట్టాలి. పూర్తిగా ఎత్తి మళ్ళీ ఐదు. ఒక్కో అద్దానికీ విడివిడిగా."

"మీరు నేర్పించారా?"

"లేదు. డ్రైవరు వైపు రబ్బరు పోతే కొత్తది అంటించాను. గమ్ము ఆరడానికి రాత్రంతా అద్దం కిందే ఉండాలి. పొద్దునొచ్చి నేర్పిస్తాను, అందాకా ముట్టుకోకండని చెప్పి వెళ్ళాను. ఆ అద్దం దించి వదిలింది నేనే."

"శవం దొరికినప్పుడు అన్ని అద్దాలూ ఎత్తే ఉన్నాయి," అంది ఆమె.

మూత నవ్వాడు. "డాక్టరే నేర్పించుకుని ఉంటాడు. చదువుకున్నవాడు."

"ఆయన వేళ్ళు చూశారా సార్?" అన్నాడు మెకానిక్. "కీళ్ళన్నీ వంకర్లు. గ్లాసు కూడా రెండు చేతుల్తో పట్టుకునేవారు. మీట నొక్కి పట్టుకోలేకే ఒక్క తాకుడుకి నడిచే అద్దాలంటే ఆయనకి ప్రాణం."

"అయితే నువ్వే మళ్ళీ వచ్చి నేర్పించావు. కేసు ఇంకా గట్టిపడింది."

"తన గమ్ము ఆరకముందే తనే అద్దం ఎత్తుకుంటాడా సార్?" ఆమె వంగి రబ్బరు చూపించింది. కొత్త రబ్బరు మీద అద్దం అంచు నొక్కుకున్న గీత స్పష్టంగా ఉంది, ఒక చివర పక్కకి జరిగి గమ్ము బయటికొచ్చింది. "అసలు చంపాలనుకున్నవాడికి అద్దాలతో పనేంటి? దించి ఉంటేనే పొగ తొందరగా లోపలికి పోతుంది. ఎత్తితే వాడికే నష్టం. అయినా ఎత్తాడు. కూర్చుని, లెక్కపెట్టి, నేర్పించి మరీ ఎత్తాడు."

"ఎందుకు మరి? మీరే చెప్పండి, మేం విని తరిస్తాం."

"అలవాటు సార్. అద్దం దించి ఉన్న బండిని వదిలి వెళ్ళలేని మనిషెవరో..."

మాట అక్కడ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆ క్షణంలో ఆమెకే తెలియలేదు. పొరమారినట్టు దగ్గి, వేలితో అద్దం గాడిలో తుడిచింది. వేలికి తెల్లటి పొడి అంటింది. సుద్ద అనుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

గులాబీ వాసన.

"పౌడరా?" మెకానిక్ మొహం అవమానం జరిగినట్టు అయింది. "అద్దాలు జారడానికి నేను సిలికాన్ గ్రీజు తప్ప వాడను మేడమ్. పౌడర్ మొదట జారుడుగానే ఉంటుంది. తడి తగిలిందా, ముద్దకట్టి గాడిలో పేరుకుంటుంది. మోటారు మూలుగుతుంది. అద్దం దిగాక గుడ్డతో గాడి తుడిచి, సిలికాన్ పల్చగా రాయాలి. ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు."

"ఎవరు?"

"ఈ కారు పాత డ్రైవరు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. వాళ్ళావిడ పౌడర్ డబ్బా ఎత్తుకొచ్చి రబ్బర్లకి పూసేవాడు. ఇంటికెళ్తే ఆవిడ తిట్టేదట. నవ్వుతూ చెప్పేవాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ వేలిని చేతిరుమాలుతో తుడుచుకుంది. రుమాలు మడిచి కవర్లో పెట్టింది. ఆ పని ఎంత నెమ్మదిగా చెయ్యొచ్చో అంత నెమ్మదిగా చేసింది.

"ఆయన ఇప్పుడెక్కడ?"

"పోయాడు. ఓ వాన రోజు ఈ కారు కింద ఒక మనిషి పడ్డాడు. నడిపిందెవరో నాకు తెలుసు, ఈ బండికి తెలుసు. జైలుకి వెళ్ళింది మాత్రం డ్రైవరు. ఇల్లు నేను చూసుకుంటానని డాక్టరు గారు మాటిచ్చారు. జైల్లోనే జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. ఆయన దగ్గరున్న ఈ షెడ్డు తాళంచెవి కూడా ఎవరూ అడగలేదు."

"అంటే తాళంచెవులు మూడు," అంది ఆమె.

"ముసలాడు కథ అల్లుతున్నాడు మేడమ్," అన్నాడు మూత.

"పిల్లలెవరన్నా ఉన్నారా ఆయనకి?"

"ఒక్కడే కొడుకు. పదేళ్ళో పన్నెండేళ్ళో ఉండేవి. పేరు గుర్తులేదు, 'లెక్కల బుడతడు' అనేవాళ్ళం. బ్యాటరీ మార్చిన రోజు తండ్రి వాణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టి మీట నొక్కించేవాడు. అద్దం పైకి చేరాక వేలు తియ్యకుండా ఐదుదాకా లెక్కపెట్టేవాడు. ఎంత ముద్దుగా లెక్కపెట్టేవాడో!"

ఆమె కారు తలుపు పట్టుకుంది. చెయ్యి తగిలి పిడి కదిలింది. అద్దం విధేయంగా వేలు మందం దిగింది.

డాక్టరు గారి కూతుర్ని ప్రశ్నించడానికి ఐదు నిమిషాలు చాలాయి. ఆ అమ్మాయి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది.

"సోమవారం సాయంత్రం ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

"చూడలేదండీ. సర్దుకుంటున్నాను. ఆరూ నలభై అప్పుడు షెడ్డులోంచి నాన్న మాట వినపడింది. ఫోన్లో అనుకున్నా."

"ఏమన్నారు?"

"'కూర్చో, నీ చిన్నప్పటి సీటే కదా' అన్నారు."

"ఆ రోజు ఆయన చేసిన ఫోన్లు?"

జవాబు మూత చెప్పాడు. "నాలుగూ నలభై తర్వాత ఒక్కటే. ఐదూ పదికి, ఏదో స్కూలు ఆఫీసుకి. పిల్లల కళ్ళ పరీక్షల గురించి స్కూళ్ళకి ఫోన్లు చేస్తుంటాడులే. అందులో ఏముంది?"

"ఏ స్కూలు సార్?"

ఆయన కాగితం చూసి నంబరు చదివాడు. ఆమెకి కాగితం చూడనక్కర్లేకపోయింది. భర్తకి ఒంట్లో బాగోలేనప్పుడల్లా సెలవు చెప్పడానికి తను చేసే నంబరే అది.

"ఏం మేడమ్, నోట్లో నాలుక లేదా? పొద్దున్నించీ నన్ను ఉతికి ఆరేశారు కదా!"

"ఆరింటిదాకా ఆగండి సార్," అంది ఆమె. "ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆరింటికి నేనే ఫోన్ చేస్తాను."

*

ఏడున్నరకి ఇంటికి చేరింది. కారు వాకిట్లో ఆపి, డ్రైవరు వైపు అద్దం పూర్తిగా కిందికి దించి, అలాగే వదిలేసి లోపలికి వచ్చింది. ఆకాశం నల్లగా దిగి ఉంది.

అత్తగారు వడ్డిస్తోంది. కిటికీలో పాత డబ్బా పక్కన కొత్త పౌడర్ డబ్బా ఉంది.

"చూశావా, వాడే తెచ్చాడు. అదే రకం, అదే వాసన," అంది అత్తగారు సంబరంగా. "ఇంతకీ దొంగ దొరకనేలేదు."

"మామయ్యగారు కూడా మీ పౌడర్ తీసుకెళ్ళేవారా అత్తయ్యా?"

గరిటె గాల్లో ఆగింది. అత్తగారు ముందు కొడుకు వైపు చూసి, తర్వాత నవ్వబోయింది. "తీసుకెళ్ళేవారా అని మెల్లిగా అడుగుతావేం! డబ్బాలకి డబ్బాలు కారు అద్దాలకే తగలేసేవారు. నా మొహానికి మిగిలేది కాదు. అయినా నీకెవరు చెప్పారు?"

"ఎక్కడ పోయారు ఆయన?"

"చెప్పాంగా. ఊరుకాని ఊళ్ళో, జ్వరం వచ్చి." గరిటె గిన్నెలోకి దిగిపోయింది. "తినేటప్పుడు అవన్నీ ఎందుకే?"

"సోమవారం సాయంత్రం మీ అబ్బాయి ఎన్నింటికి వచ్చారు?"

"ఆరింటికి వచ్చి, ట్యూషనుందని మళ్ళీ వెళ్ళాడు. వచ్చేసరికి తొమ్మిది దాటింది. నువ్వు ఇంకా స్టేషన్లోనే ఉన్నావు. ఏం, అనుమానమా మొగుడి మీద?" అని నవ్వింది అత్తగారు.

భర్త తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నాడు. బయట మొదటి చినుకులు రేకు మీద పడ్డాయి. ఆయన తలెత్తి కిటికీలోంచి చూశాడు. కారు అద్దం దిగి ఉంది.

ఒక్క క్షణం ఆగాడు. భార్య చూస్తోందని తెలుసు. అయినా ఆగలేకపోయాడు. ఎడమచేత్తో మేకు మీది తాళాల గుత్తి అందుకుని లేచాడు.

"తాళాలు ఇలా ఇవ్వండి," అంది ఆమె.

ఇచ్చాడు. ఆమె వాటిని తన కంచం పక్కన పెట్టుకుంది. మూడు రేకుల ఇత్తడి తల దీపం వెలుగులో మెరిసింది. ఎనిమిదేళ్ళుగా రోజూ చూసిన తాళంచెవిని ఆ రాత్రి మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"కూర్చోండి. తడవనీండి. ఒక్కరోజుకి ఏం కాదు."

ఆయన కూర్చున్నాడు.

"ఆరింటికి స్టేషన్‌కి ఫోన్ చేశాను," అంది ఆమె, ఇద్దరికీ వినపడేలా, ఒక్కో మాటా విడివిడిగా. "మెకానిక్ పెద్దాయన్ని ఇంటికి పంపించేశారు. కళ్ళ డాక్టరు గారి కేసు ఇక నాది కాదు. మూతకి ఇచ్చేశాను. నేను చూసిందీ విన్నదీ అంతా రాసి సంతకం పెట్టాను. పౌడర్ డబ్బాతో సహా. తాళంచెవితో సహా. గేటు దగ్గర కానిస్టేబులున్నాడు. రేపు ఎనిమిదిన్నరకి ఆయన వస్తాడు. అప్పటిదాకా ఎవరూ గడప దాటకూడదు."

ఫోన్లో అదంతా మూత అడ్డు తగలకుండా విన్నాడు. ఎగతాళి చేస్తాడనే అనుకుంది. చివరికి, "భోజనం చెయ్యమ్మా. పొద్దున వస్తాను," అన్నాడు. మేడమ్ అనలేదు. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు.

భర్త నీళ్ళు తాగాడు. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"క్షమించమని అడుగుతాడనుకున్నాను," అన్నాడు. "ఇరవై రెండేళ్ళ తర్వాత పిలిచాడు కదా, అందుకే అనుకున్నాను. మెకానిక్ రేపుగానీ రాడట, మీ నాన్నలా ఓసారి అద్దం బాగుచేసి పెట్టు అన్నాడు. అంతే. చేసి పెట్టాను. ఆయనకి నిద్ర పట్టింది. ఇంజను నేను ఆపలేదు."

అత్తగారికి సగం అర్థమైంది. అర్థమైన ఆ సగాన్నీ చేత్తో పక్కకి నెట్టినట్టుగా, గిన్నెల మీద మూతలు సర్దడం మొదలుపెట్టింది. ఒక మూత ఎంతకీ కుదరడం లేదు.

"ఎనిమిదిన్నరకా? వచ్చేది ఆయనొక్కడేనా, ఇంకెవరన్నా ఉన్నారా?" అంది, ఎవరి వైపూ చూడకుండా. "రేపు ఎంతమందికి వండను?"

కొడుకు కంచంలో ఆఖరి మెతుకుదాకా ఊడ్చి తిన్నాడు.

"నా ఒక్కడిదీ తగ్గించి వండమ్మా," అన్నాడు.